పాత పికప్ ట్రక్కుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్: గేర్ల సమస్యను గుర్తించే పద్ధతి

సభకు నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక గేర్‌బాక్స్ గురించి మాట్లాడతాను. జనరల్ మోటార్స్ సంస్థ 1982 మోడల్ సంవత్సరంలో ప్రవేశపెట్టిన 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ అది. అమెరికాలో ఇప్పటికీ తిరుగుతున్న పాత షెవ్రొలే, జీఎంసీ పికప్ ట్రక్కుల్లో చాలావాటి కింద ఉండేది ఇదే. తరువాత దీన్నే 4ఎల్60 అన్నారు. 1993లో కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే 4ఎల్60ఇ వచ్చింది కాని, నా మాటలు అంతకు ముందటి దానికే, అంటే వైర్ల మీద కాక ఆయిల్ పీడనం మీద ఆధారపడి గేర్లు మార్చుకునే పెట్టెకే పరిమితం. మన ఊళ్ళలో లారీ మీద పని నేర్చుకున్నవారికి చేతి గేర్లే అలవాటు కాబట్టి, గేరు సరిగా పడకపోతే క్లచ్ ప్లేటో, గేరు పళ్ళో అరిగాయని వారి మనసు ముందే నిర్ణయించుకుంటుంది. ఈ పెట్టె విషయంలో ఆ అలవాటును పక్కన పెట్టాలి. ఇక్కడ గేరు జారిందంటే ముందుగా అనుమానించవలసింది పీడనాన్ని. ప్లేట్లు కాలిపోవడం చాలాసార్లు ఆ పీడనం తగ్గినందువల్ల వచ్చిన ఫలితమే.

గేరు ఎప్పుడు మారాలన్నది ఇందులో రెండు పీడనాల మధ్య పోటీ తేలుస్తుంది. పెట్టె వెనుక భాగంలో, డ్రైవరు వైపున, గుండ్రటి మూత కింద గవర్నర్ ఉంటుంది. బయటికి వెళ్ళే షాఫ్టుతో పాటు అది తిరుగుతుంది, బండి వేగం పెరిగేకొద్దీ దాని బరువులు బయటికి విచ్చుకుని పీడనాన్ని పెంచుతాయి. రెండో పీడనం యాక్సిలరేటర్ నుంచి వస్తుంది. కార్బొరేటర్ మీటకు కట్టిన థ్రాటిల్ వాల్వ్ కేబుల్, పొట్టిగా టీవీ కేబుల్, పెట్టెలోని ఒక చిన్న వాల్వును కదుపుతుంది. గవర్నర్ పీడనం గెలిస్తే పై గేరు పడుతుంది, థ్రాటిల్ పీడనం గెలిస్తే కింది గేరులోనే ఉంటుంది. గవర్నర్ మురికితో బిగుసుకున్నా, దాన్ని తిప్పే ప్లాస్టిక్ పళ్ళచక్రం అరిగిపోయినా బండి మొదటి గేరులోనే మొరాయిస్తుంది. అలాంటి బండికి పెట్టె దింపవలసిన అవసరం లేదు, ఆ మూత విప్పి చూస్తే చాలు.

ఈ టీవీ కేబుల్ గురించి నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఈ పెట్టెలను అన్నిటికంటే ఎక్కువగా చంపుతున్నది దీని మీద ఉన్న అపోహే. అంతకు ముందటి టర్బో 350 అనే మూడు గేర్ల పెట్టెకు కూడా చూడటానికి ఇలాంటి కేబులే ఉండేది. కాని అది యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కినప్పుడు కింది గేరుకు దించడానికి మాత్రమే పనికొచ్చేది. ఇంజన్ మీద పడే భారాన్ని ఆ పెట్టెకు తెలియజేసే పని వేరే వాక్యూం మాడ్యులేటర్ చేసేది. ఆ పెట్టెల మీద చేయి తిరిగిన మెకానిక్కులు 700ఆర్4 కేబుల్‌ను చూసి, ఇది కూడా అలాంటిదేనని, కొంచెం వదులుగా ఉన్నా ప్రమాదం లేదని అనుకున్నారు. నిజానికి ఇందులో ఆ కేబులే గేరు మారే సమయాన్నీ, క్లచ్ ప్లేట్లను నొక్కిపట్టే ప్రధాన పీడనాన్నీ కూడా నిర్ణయిస్తుంది. కేబుల్ వదులుగా ఉంటే గేర్లు తొందరగా, మెత్తగా మారతాయి. బండి యజమాని ఆ మెత్తదనాన్ని చూసి మురిసిపోతాడు, కాని ఆ మెత్తదనం ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతున్నందువల్ల వచ్చింది. అలా ఎక్కువ దూరం నడవకముందే మూడు, నాలుగు గేర్లకు ఉమ్మడిగా పనిచేసే త్రీ-ఫోర్ క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కేబుల్ మరీ బిగువుగా ఉంటే గేర్లు ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టుగా మారతాయి. రెండిట్లో భయపడవలసింది మొదటిదానికే.

అందువల్ల కార్బొరేటర్ మార్చిన ట్రక్కు ఏదైనా నా దగ్గరికి వస్తే నేను ముందు బానెట్ ఎత్తి, కేబుల్ తగిలించిన మీటను చూస్తాను. బయటి కంపెనీ కార్బొరేటర్ మీట మీద కేబుల్ తగిలే చోటు అసలుదానికంటే పైకో కిందికో ఉంటే, కేబుల్ ఎంత సరిచేసినా పీడనం సరిగా పెరగదు, దానికి తగిన బ్రాకెట్ పెట్టాల్సిందే. సరిచేసే పద్ధతి చాలా సులువు. ఇంజన్ ఆపి, కేబుల్ చివర ఉన్న చిన్న లాకు బొత్తాన్ని నొక్కిపట్టి, జారే భాగాన్ని కార్బొరేటర్‌కు దూరంగా చివరి దాకా వెనక్కి నెట్టి, బొత్తాన్ని వదిలేసి, థ్రాటిల్‌ను చేత్తో పూర్తిగా తెరవాలి. కేబుల్ తన కొలతను తానే వెతుక్కుంటుంది. ఆ తరువాత ఒకరు లోపల కూర్చుని పెడల్‌ను నేల దాకా తొక్కినప్పుడు థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడాలి.

ఇక రోడ్డు మీది పరీక్ష. బండి ఎక్కే ముందు ఆయిల్ చూసి తీరాలి. వేడెక్కిన బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ నడుస్తుండగా, పార్కులో ఉంచి డిప్‌స్టిక్ తీయాలి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే నురుగు పట్టి అదే ఫలితం వస్తుంది. ఎర్రగా ఉండవలసింది గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయని అర్థం. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి నీళ్ళు కలిశాయి. ఆ బండిని ఇక ఒక్క మైలు కూడా నడపకూడదు, ఎందుకంటే నీరు ప్లేట్ల మీది పూతను అంటించిన జిగురును ఊడగొడుతుంది.

నడిపేటప్పుడు గేర్లను లెక్కపెట్టాలి. మొదటి గేరు నిష్పత్తి 3.06, రెండోది దాదాపు 1.63, మూడోది 1, నాలుగోది 0.70. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఆ మార్పులో ఇంజన్ వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది, అది లోపం కాదు. నాలుగు గేర్ల తరువాత ఐదో గేరు పడ్డట్టు మరో చిన్న మార్పు తెలుస్తుంది, అది ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా పెట్టెకు అందించే టార్క్ కన్వర్టర్ లాక్ కావడం, అంటే లోపలి క్లచ్ పట్టుకుని నేరుగా కలిసిపోవడం. నిలకడగా వెళుతున్నప్పుడు ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను తేలికగా తాకితే, లాక్ విడిపోయి ఇంజన్ వేగం కొద్దిగా పెరుగుతుంది. బండి వణుకుతున్నదని వచ్చినవారి విషయంలో ఈ చిన్న పరీక్ష చాలా శ్రమ తప్పిస్తుంది: బ్రేకు తాకగానే వణుకు ఆగిపోతే చూడవలసింది లాక్ క్లచ్‌ను, ఆగకపోతే ఇంజన్‌ను.

ఏ గేరు లేదన్నదాని కంటే ఏయే గేర్లు కలిసి పోయాయన్నది ముఖ్యం. రెండో గేరుకూ నాలుగో గేరుకూ ఒకే బ్యాండ్, అంటే డ్రమ్మును చుట్టి బిగించే పట్టీ, పట్టుకుంటుంది, మూడుకూ నాలుగుకూ ఒకే క్లచ్ పనిచేస్తుంది. కాబట్టి మొదటి రెండు గేర్లు బాగుండి, మూడోది పడాల్సిన చోట ఇంజన్ ఉత్తినే అరిస్తే త్రీ-ఫోర్ క్లచ్ పోయినట్టు. రెండూ నాలుగూ పడకుండా మూడు మాత్రం బాగుంటే బ్యాండునో, దాన్ని నొక్కే సర్వోనో చూడాలి. రెండూ నాలుగూ రివర్సూ ఒకేసారి పోయాయంటే మాత్రం సందేహించనక్కర్లేదు: సన్ షెల్ అనే రేకు డబ్బా పళ్ళు తెగిపోయాయి, పెట్టె దింపక తప్పదు. లీవర్‌ను నాలుగు గేర్లూ వాడుకునే ఓవర్‌డ్రైవ్‌లో పెడితే కదలని బండి ఒకటో నంబరులో కదిలిందంటే ఒకవైపే పట్టే రోలర్ క్లచ్ కానీ, స్ప్రాగ్ కానీ విఫలమైంది, ఎందుకంటే ఒకటో నంబరులో వాటికి తోడుగా వేరే క్లచ్‌లు పట్టుకుంటాయి. ఇదంతా సీట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

అనుమానం మిగిలితే పీడనం కొలవాలి. డ్రైవరు వైపు, లీవర్ షాఫ్టుకు పైన ఉన్న చిన్న ప్లగ్ తీసి, 300 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా చూపే గేజ్ బిగించి, ఇంజన్ నడుస్తుండగా టీవీ కేబుల్‌ను మెల్లగా లాగాలి. కేబుల్ లాగేకొద్దీ ముల్లు పైకి కదలాలి. కదలకపోతే దోషం వాల్వులోనో పంపులోనో ఉందన్నమాట, ప్లేట్లు మార్చినా అవి మళ్ళీ కాలతాయి. ముల్లు బాగా పెరుగుతూ కూడా గేరు జారుతుంటే, అప్పుడు ప్లేట్లనూ సీళ్ళనూ అనుమానించాలి.

అడుగు ట్రే విప్పినప్పుడు సన్నటి నల్లటి బురద కనిపిస్తే కంగారు పడవద్దు, పాత పెట్టెలో అది మామూలే. పసుపు పచ్చని ఇత్తడి పొడి కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నాయి, ఇనుప ముక్కలు కనిపిస్తే పెట్టెను దింపాలి. దింపి కొత్త ప్లేట్లు వేశాక కూడా రేడియేటర్‌లోని కూలర్‌ను, దానికి వెళ్ళే గొట్టాలను కడగకుండా బిగిస్తే, పాత పెట్టె మిగిల్చిన ముక్కలే కొత్తదాని వాల్వుల్లోకి వెళతాయి. గొట్టాలు కడిగి, ఆయిల్ పోసి, బండిని రోడ్డెక్కించక ముందే టీవీ కేబుల్ సరిచేసి, గేజ్ మళ్ళీ బిగించి, ఆ ముల్లు కేబుల్‌తో పాటు కదులుతోందని కళ్ళారా చూసిన తరువాతే నేను తాళాలు యజమాని చేతికి ఇస్తాను.