పాత స్టీల్ రేసింగ్ సైకిల్ రివ్యూ: కబాడీ కాంటా నుంచి వరంగల్ భద్రకాళి బండ్ దాకా

నమస్తే. ఈరోజు స్టాండ్ మీదున్నది కొత్త బండి కాదు. కిందికి వంగిన హ్యాండిల్, సన్న పైపులు, ముందు రెండు పళ్లచక్రాలు, వెనక ఐదు, అంటే పది గేర్లు. నిలువెల్లా ఇనుమే. ఫ్రేమ్ మీద స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి, అదీ ఒకందుకు మంచిదే. పాత సైకిల్‌కి పేరు కన్నా కొలతలు ముఖ్యం. ఒక స్కేలు, బారెడు దారం, దొరికితే వర్నియర్ కాలిపర్ దగ్గర పెట్టుకుని చూడండి.

మార్కులు ముందే చెప్పేస్తా. ఫ్రేమ్‌కి పదికి ఎనిమిది, చక్రాలకు మూడు, బ్రేకులకు రెండు. ఎందుకో చూద్దాం.

ఇట్లాంటివి పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో, లేకపోతే ఎవరింట్లోనో మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయి కనిపిస్తాయి. అమ్మేవాళ్లు "యాంటిక్ పీస్ అన్నా" అంటూ మొదలుపెడతారు. మీరు కాంటా మీద పెట్టించండి. ఇది 13 కిలోలు తూగింది. ఆ రోజు ఇనుము కిలో రేటుతో గుణిస్తే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అక్కడి నుంచి ఎంత పైకి పోవచ్చో ఫ్రేమ్ చూశాకే తేలుతుంది.

కెమెరా జర దగ్గరికి. ఇది హ్యాండిల్ దిగే హెడ్ పైపు. దాని వెనక, పైపైపూ కిందిపైపూ అతుక్కున్న చోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, అడుగువైపు బొటనవేలితో నెమ్మదిగా రాయండి. చిన్న ఉబ్బు తగిలినా, పెయింట్ ముడతలు పడి కనిపించినా ఆ బండి ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది. పక్క నుంచి చూస్తే ఫోర్కు కూడా వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. అట్లాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇందులో ఉబ్బు లేదు.

తర్వాత దారం. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే చీలిక దగ్గర దారం కట్టండి. దాన్ని హెడ్ పైపు చుట్టూ తిప్పి రెండో చీలికకు బిగుతుగా లాగి కట్టండి. సీటు నిలువుపైపు నుంచి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. ఇక్కడ ఒకవైపు 31, ఇంకోవైపు 32 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల తేడా వరకు పట్టించుకోనక్కర్లేదు. ఐదు దాటితే వెనక భాగం ఒక పక్కకు వంగిందని అర్థం.

మూడోది, సీటు పైపు. బోల్టు వదులు చేసి సీటు అటూ ఇటూ తిప్పి చూడండి. అల్యూమినియం పైపు ఇనుప ఫ్రేమ్‌లో ఏళ్ల తరబడి తడిసీ ఆరీ కూర్చుంటే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. అది ఊడదీయడానికి వారం పట్టొచ్చు, అసలు ఊడకపోవచ్చు కూడా. తిరిగిందంటే సగం గెలిచినట్టే. పైపు బయటికి వచ్చాక కింది కొస దగ్గర చెక్కిన అంకె చూడండి. అది పైపు మందం, మిల్లీమీటర్లలో. 27.2 అని ఉంటే ఫ్రేమ్ పైపులు పల్చటివి, మంచి రకం అయ్యే అవకాశం ఎక్కువ. 25.4 అంటే మామూలు మందం ఇనుము. రెనాల్డ్స్ అనే ఇంగ్లిష్ కంపెనీ 531 రకం ఫ్రేమ్ పైపులు 1935 నుంచి ఉన్నాయి, పేరున్న సరుకే. కానీ 531 స్టిక్కర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంటించడానికి నిమిషం చాలు. స్టిక్కర్‌ని కాదు, అంకెను నమ్మండి.

హ్యాండిల్ కాడకు అదే పరీక్ష, కాకపోతే పద్ధతి వేరు. పైబోల్టు పూర్తిగా ఊడదీయొద్దు. రెండు మూడు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి. లోపలి ఆప్పు కిందికి జారితే కాడ వదులవుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, టైర్లు. మన దగ్గర పాలవాళ్లూ పేపరువాళ్లూ తొక్కే నల్ల సైకిల్ టైరు 28 ఇంటు 1½. వరంగల్ చౌరస్తాలో అడగండి, కాజీపేటలో అడగండి, చేతిలో పెట్టేస్తారు. ఈ బండిది 27 ఇంటు 1¼. షాపులో "27కీ 28కీ ఏం తేడా అన్నా, సాగదీస్తే ఎక్కుతుంది" అంటారు. ఎక్కదు, ఎక్కినా నిలవదు. టైరు గోడ మీద చిన్న అక్షరాల్లో 32-630 అని ఉంది చూడండి. 630 అంటే టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. నల్ల సైకిల్‌ది 635. ఇప్పటి రోడ్ బైకులు, హైబ్రిడ్లు, అంటే 700సీ రకం, 622. ఇంకో గమ్మత్తు, 622 టైర్ల మీద కూడా కొన్నిటికి 28 అని ముద్ర ఉంటుంది. అందుకే అంగుళాలు అడగొద్దు, ఆ మూడంకెల నంబర్ అడగండి.

630 టైరు లోకల్‌గా దొరకడం కష్టం, తెప్పించుకోవాలి. లేదంటే రిమ్ములే 622కి మార్చుకోవాలి. వ్యాసంలో తేడా 8 మిల్లీమీటర్లు, అంటే బ్రేక్ రబ్బర్ ఒక్కోవైపు 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. బ్రేక్ చేతిలోని గాడిలో అంత చోటు ఉందో లేదో చూడకుండా రిమ్ములు ఆర్డర్ పెట్టకండి. ఈ బండిలో 6 మిల్లీమీటర్లు మిగిలి ఉంది, సరిపోతుంది.

రిమ్ములు మార్చాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇవి క్రోమ్ వేసిన ఇనుప రిమ్ములు. ఎండలో పర్వాలేదు, వానలో బ్రేక్ పట్టితే రబ్బర్ క్రోమ్ మీద జారుతుంది, ఫాతిమానగర్ బ్రిడ్జి దిగేటప్పుడు ప్రాణం నోట్లోకి వస్తుంది. పైగా పాత ఇనుప రిమ్ముల్లో లోపలి అంచుకు టైరును పట్టే కొక్కెం ఉండదు. 90, 100 పీఎస్ఐ గాలి కొట్టిస్తే టైరు ఎగిరి బయటికొస్తుంది. ఇవే వాడితే 65, 70 దగ్గర ఆపండి. అల్యూమినియం రిమ్ములు, 36 పుల్లలవి వేసుకుంటే బ్రేకుల మార్కు రెండు నుంచి ఆరుకు పోతుంది. బ్రేక్ తీగల్లో పైలం. ఈ వంగిన హ్యాండిల్ లివర్లలో కూర్చునే తీగ కొసన గుండు బేరిపండు ఆకారంలో ఉంటుంది. మామూలు షాపుల్లో ఇచ్చేది పీపా ఆకారపు గుండు. అది లివర్‌లో సరిగ్గా కూర్చోదు, గట్టిగా పట్టినప్పుడు జారిపోతుంది.

రిమ్ము మార్చేవాళ్లకు ఒక్క మాట. పుల్లలు విప్పే ముందే ఫ్రీవీల్, అంటే వెనక ఐదు పళ్లచక్రాల గుత్తి, తీసేయండి. చక్రం విప్పాక మధ్యలో మిగిలే ఉత్త హబ్‌ని పట్టుకుని ఫ్రీవీల్ తిప్పడానికి ఆసరా ఉండదు. దీనికి రెండు గాట్ల రకం ఫ్రీవీల్ ఉంది. రాత్రంతా నూనె పట్టించి, టూల్‌ని ఇరుసు నట్టుతో అదిమి బిగించి, వైస్‌లో పెట్టి చక్రాన్నే ఎడమవైపు తిప్పండి. నట్టు పెట్టకపోతే టూల్ జారి గాట్లు విరుగుతాయి. ‘టక్’మని వదలగానే ఆపి నట్టు వదులు చేయండి.

ఇక ఓవరాయిలింగ్. అవును, ఓవర్‌హాలింగే, మన షాపుల్లో అనే పేరు ఇదే. అన్నిటికన్నా ముందు కాటర్ పిన్. పెడల్ చేతిని ఇరుసుకు పట్టి ఉంచే ఈ చిన్న మేకే సగం బండ్లను పాడుచేస్తుంది. నట్టు పూర్తిగా తీయకండి, పిన్ను మీద మరలున్న కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేయండి. పెడల్ చేతి కింద, పిన్ను పక్కగా, నేలకు ఆనేలా ఒక మందపాటి ఇనుప పైపుముక్క నిలబెట్టండి. అప్పుడు పెద్ద సుత్తితో ఒకే దెబ్బ. పది చిన్న దెబ్బలు వేస్తే మరలు చితికి పిన్ను అక్కడే ఉంటుంది. ఆసరా లేకుండా కొడితే ఆ దెబ్బ ఇరుసు తిరిగే బాల్స్ మీద పడి, అవి కూర్చునే కప్పులో గుంటలు పడతాయి. తర్వాత ఎంత గ్రీజు పెట్టినా కటకటే.

పెడల్ ఇరుసుకు రెండు వైపులా ఉండే ఈ కప్పుల్లో చైన్ వైపుది ఉల్టా మర, గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఎడమది మామూలు మర. ఇది తెలియక చైన్ వైపు కప్పును మూడడుగుల పైపు తగిలించి ఇంకా బిగించేవాళ్లు చాలామంది. అసలు బాగుంటే ఆ కప్పును తీయొద్దు, లోపలే తుడవండి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత రాలీ కంపెనీ సైకిల్ అయితే అక్కడి మరలు అంగుళానికి 26, మిగతా ఇంగ్లిష్ రకం 24. ఒకదాని కప్పు ఇంకోదాంట్లో దూర్చొద్దు. ఇందులో 24.

బాల్స్ పాతవి మళ్లీ పెట్టకండి. పెడల్ ఇరుసుకు పావు అంగుళంవి వైపుకు 11. వెనక హబ్‌కి అవే, వైపుకు 9. ముందు హబ్‌కి అంగుళంలో పదహారో వంతులు మూడు, వైపుకు 10. కడగడానికి గ్యాస్‌నూనె, అంటే కిరోసిన్, దొరకకపోతే డీజిల్ చాలు. హబ్ ఇరుసు మీద బాల్స్‌కి ఆనే కోన్‌ని వెలుతురుకు పెట్టి తిప్పండి. బాల్స్ పరుగెత్తిన గీత అద్దంలా మెరుస్తుంటే మంచిదే, అందులో సూదిమొనంత గుంట కనిపించినా కోన్ మార్చండి. ఆ గుంట కొత్త బాల్స్‌ని నెలలో తినేస్తుంది. ఈ బండిలో పెడల్ ఇరుసు ఉండే అడుగు గుల్లలో చెంచాడు తుప్పునీళ్లు, ఎర్రమట్టి వచ్చాయి. వానకు సీటు పైపు పక్క నుంచి దిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. గుల్ల కింద చిన్న రంధ్రం ఉందేమో చూడండి, మూసుకుపోతే తెరవండి.

చైన్ మీద స్కేలు పెట్టండి. ఒక పిన్ను మధ్యన సున్నా పెడితే కొత్త చైన్‌లో 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను కచ్చితంగా కూర్చుంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ పళ్లూ పోయినట్టే. నల్ల సైకిల్ లావు చైన్ వేయకండి, పక్క పళ్లకు రాసుకుంటుంది. ఆరేడు గేర్ల సైకిళ్ల సన్న చైన్ సరిపోతుంది. గేర్ లివర్లు క్లిక్‌లు లేనివి, ఏ ఫ్రీవీల్ వేసినా చేతితో సర్దుకోవచ్చు, ఇది పెద్ద ప్లస్. ముందు 52, 40, వెనక 14 నుంచి 28. చిన్న గేర్‌లో పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు 3 మీటర్లు పోతుంది, పెద్ద గేర్‌లో 8.

తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, లీటరు నీళ్లకు 50 గ్రాములు. నట్లు, బోల్టులు కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్ కొట్టి, తినేసోడా నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. చైన్, బాల్స్, స్ప్రింగులు మాత్రం అందులో వేయకండి. గట్టి ఉక్కు ఆమ్లంలో నానితే పెళుసెక్కి విరుగుతుంది. క్రోమ్‌కి నలిపిన అల్యూమినియం ఫాయిల్, నీళ్లు చాలు. పెయింట్ జోలికి పోకపోవడమే నా సలహా. పౌడర్ కోటింగ్ మందంగా కూర్చుని పైపుల అతుకుల మీది చెక్కుడు అందమంతా పూడుస్తుంది.

రోజూ హనుమకొండ నుంచి కాజీపేట డ్యూటీకి, వానలో కూడా పోవాలంటే రిమ్ములు మార్చాకే తీసుకోండి. ఆదివారం రామప్ప దాకా, ఒకవైపు దాదాపు 70 కిలోమీటర్లు, పోయేవాళ్లకు మాత్రం ఈ ఫ్రేమ్ మస్తు సుఖం. ఉబ్బు ఉంటే అసలే వద్దు, సీటు పైపు కదలకపోతే ఇనుము రేటు దాటొద్దు.

బిగించాక దూరం పోకుండా భద్రకాళి బండ్ చుట్టుపక్కలే 30, 40 కిలోమీటర్లు తిప్పండి. ఇంటికొచ్చి కాటర్ పిన్నుల కింద మళ్లీ పైపు పెట్టి, తల మీద ఒక్కో దెబ్బ వేసి, అప్పుడే నట్టు బిగించండి. ఉత్తగా నట్టు తిప్పి పిన్నును లాగాలని చూస్తే మరే తెగుతుంది.