పాపకు ఏ పాట పెట్టాలి?

[దృశ్యం: రాత్రి తిరుపతి వీధి నుంచి కనిపించే కొండ, ఘాట్ రోడ్డు దీపాలు]

తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో స్వామివారిని పవళింపజేసేటప్పుడు తాళ్ళపాక వంశీయులు జోలపాట పాడతారు. వెంకన్నకే జోల పాడే చోటు మనది. మరి మన ఇంట్లో ఉయ్యాల్లో ఉన్న పాపకు? చాలా ఇళ్లలో ఫోనే పాడుతోంది. "ఇది వింటే బిడ్డ బుర్ర చురుగ్గా తయారవుతుంది" అని పేరు పెట్టిన గంటల కొద్దీ వీడియో! ముందు దీని సంగతి తేల్చుకుందాం.

[తెరపై అక్షరాలు: 1993, కాలేజీ విద్యార్థులు 36 మంది]

1993లో అమెరికాలో ఫ్రాన్సెస్ రౌషర్ బృందం 36 మంది కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ సంగీతం 10 నిమిషాలు వినిపించి, ఆకారాలను మనసులో ఊహించుకునే పరీక్ష పెట్టింది. మార్కులు కాస్త పెరిగాయి. పావుగంట గడిచేసరికి ఆ పెరుగుదల కూడా పోయింది. అందులో పసిపిల్లలు ఒక్కరూ లేరు, గమనించండి. అయినా 1998లో జార్జియా గవర్నర్ జెల్ మిల్లర్, తన రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇద్దామని బడ్జెట్‌లో డబ్బు అడిగారు. మీ ఫోన్‌లో కనిపించే ఆ వీడియోల వెనక ఉన్నది ఈ కథే.

అలాగని పసిబిడ్డకు సంగీతం అక్కర్లేదని కాదు. దాని లాభం ఐక్యూలో కాదు, వేరే చోట ఉంది.

[దృశ్యం: నిండు గర్భిణి వంటింట్లో కూనిరాగం తీస్తూ పని చేసుకుంటోంది]

గర్భంలో 25 వారాలు దాటేసరికి బిడ్డ శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. అమ్మ గొంతు ఆమె ఒంటి గుండానే లోపలికి చేరుతుంది. కాబట్టి పొట్ట మీద హెడ్‌ఫోన్స్ పెట్టాల్సిన పనిలేదు, పెట్టొద్దు కూడా. 2013లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి పరిశోధకులు నెలలు నిండే రోజుల్లో గర్భిణులకు ఒకే రాగాన్ని మళ్లీ మళ్లీ వినిపించమన్నారు. పుట్టినప్పుడే కాదు, నాలుగు నెలల వయసులో కూడా ఆ పిల్లల మెదడు ఆ రాగాన్ని గుర్తుపట్టింది. సీమంతం రోజు ఒక్కసారి పాడిన పాట కన్నా, అమ్మ రోజూ తనలో తాను పాడుకునే పాటే బిడ్డకు ఎక్కువ పరిచయం అన్నమాట.

[దృశ్యం: ఒక అవ్వ తొడ మీద తాళం వేస్తూ: తకిట తకధిమి, తకిట తకధిమి]

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది తాళం సంగతి. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనాల్లో ఉత్తర అమెరికా పిల్లలను పరీక్షించారు. అక్కడి పాటలు ఎక్కువగా సరిసంఖ్య లెక్కలోనే నడుస్తాయి. బాల్కన్ దేశాల పాటల్లో మన కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళంలాగా (అదే తకిట తకధిమి) ఏడు లెక్క, ఖండచాపు తాళంలాగా అయిదు లెక్క కనిపిస్తాయి. ఆరు నెలల పిల్లలు రెండు రకాల పాటల్లోనూ తాళం తప్పితే కనిపెట్టారు. ఏడాది నిండిన పిల్లలు తమ ఊరి తాళంలో మాత్రమే కనిపెట్టగలిగారు. అయితే ఆ ఏడాది పిల్లలకు బాల్కన్ పాటలు కొద్దిరోజులు వినిపిస్తే ఆ నేర్పు తిరిగి వచ్చింది. పెద్దవాళ్లకు అంత తేలిగ్గా రాలేదు.

అంటే మొదటి ఏడాదిలో ఏ చెవికి ఏది పడితే అదే ఆ చెవికి సొంతం అవుతుంది. రోజంతా ఒకే మూసలో సాగే రైమ్స్ వినే పాపకు తకిట తకధిమి వినే అవకాశం ఎక్కడిది? అన్నమయ్య సంకీర్తన, కోలాటం పాట, వరినాట్ల పాట, ఏది వచ్చినా పాడండి. భజనకు వెళ్తే ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

శ్రుతి తప్పుతుందని టెన్షన్ వద్దు. మీ పాప ఎస్వీ సంగీత కళాశాల పరీక్షాధికారి కాదు.

కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఏడాదిలోపు పిల్లలకు వాళ్లెప్పుడూ వినని టర్కీ భాషలో పాట వినిపిస్తే, సగటున 9 నిమిషాలు గోల చేయకుండా ఉన్నారు. ముద్దుముద్దు మాటలు వినిపిస్తే 4 నిమిషాలకే ముఖం చిట్లించారు. అవి రికార్డు చేసిన పాటలే కాబట్టి ఆడియో పెడితే తప్పేం లేదు. వద్దన్నది తెర. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

[దృశ్యం: మోకాళ్ల మీద పాపను ఎగరేస్తూ పాడుతున్న తాత]

తాత ఇలా ఆడించడం కూడా ఊరికే పోదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 14 నెలల పిల్లలను ఎత్తుకుని పాట లయకు ఊపారు. ఎదురుగా ఉన్న మనిషి కొందరు పిల్లలతో అదే లయకు ఊగింది, మరికొందరితో లయ కలవకుండా ఊగింది. తర్వాత ఆమె చేతిలోంచి వస్తువులు కిందపడితే, లయ కలిసిన పిల్లలు తీసిచ్చిన సార్లు ఎక్కువ.

[దృశ్యం: జాతర వీధి, పలకల మోత]

ఇక జాతర. గంగమ్మ జాతరకు పిల్లలకు వేషం వేసి తీసుకెళ్తాం, వెళ్లాల్సిందే. కానీ పలకల పక్కన, డీజే బాక్సుల ముందు పసిబిడ్డను నిలబెట్టొద్దు. పిల్లల చెవి గొట్టం చిన్నది, అదే శబ్దం వాళ్లకు ఇంకా గట్టిగా తగులుతుంది. పక్క మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే దూరం జరగండి. ఇంట్లో అయితే స్పీకర్ ఉయ్యాలకు కట్టొద్దు, గదిలో అవతలి మూలన పెట్టండి.

[తెరపై అక్షరాలు: 1, 3, 6 నెలలు]

పాడినా, పిలిచినా పాప అసలు స్పందించకపోతే "పెద్దయ్యాక సర్దుకుంటుందిలే" అని ఆగొద్దు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, తేడా ఉంటే 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్స మొదలవ్వాలి. పరీక్ష పేరు ఓఏఈ. పాప నిద్రపోతుండగానే చేసేస్తారు, నొప్పి ఉండదు. కాన్పు అయిన ఆసుపత్రిలో చేశారో లేదో ఈరోజే ఫైల్ తీసి చూడండి.