పిచ్చాటూరు గేట్లు ఎత్తితే మన ఇంటికి నీళ్లు ఎప్పుడు వస్తాయి: తిరువళ్లూరు జిల్లా తెలుగు కుటుంబాల కోసం

అందరికీ నమస్కారం. చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలే ఈ తీరానికి ఏడాది వానలో సగానికి పైగా తెస్తాయి. ఆ మూడు నెలలూ వేళచేరి, పళ్లికరణై, ముడిచూరు వంటి నగర ప్రాంతాల ముంపు గురించి టీవీల్లో చాలా చర్చ జరుగుతుంది. నగరానికి ఉత్తరాన, పడమరన ఉన్న తిరువళ్లూరు జిల్లా పల్లెలకు అందులో దక్కే చోటు తక్కువ. పళ్లిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి, పొన్నేరి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ మాటలు ముఖ్యంగా వారి కోసం. ప్రతి ఇల్లూ తన వైపు నీరు ఏ దారిన వస్తుందో తెలుసుకోవాలి, ఆ నీరు ఏ గుర్తు దాకా వస్తే ఇల్లు వదలాలో ఎండ కాస్తున్న రోజుల్లోనే నిర్ణయించుకోవాలి. నేను అడిగేది ఇదే.

ముందు నీటి దారి సంగతి చూద్దాం. ఆరణి నది ఆంధ్రప్రదేశ్ కొండల్లో పుట్టి, పిచ్చాటూరు జలాశయం దాటి, నాగలాపురం, సురుటుపల్లి మీదుగా ఊత్తుకోట చేరుతుంది. అక్కడి నుంచి పెరియపాళయం, పొన్నేరి పక్కగా పారి పులికాట్ సరస్సు వైపు వెళుతుంది. అంటే ఊత్తుకోటలో ఒక్క చినుకు పడకపోయినా, పైన పిచ్చాటూరు గేట్లు ఎత్తితే ఏరు పొంగుతుంది. కుశస్థలి నది సంగతీ ఇంతే. నగరి, కార్వేటినగరం వైపు కురిసిన వాన పళ్లిపట్టు దాటి పూండి జలాశయంలో చేరుతుంది. పూండి నిండితే మిగులు నీరు ఎన్నూరు దాకా ఉన్న ఒడ్డు ఊళ్లన్నిటినీ పలకరిస్తుంది. 2021 నవంబరులో తిరుపతి నీట మునిగి, రాయలచెరువు కట్టకు లీకు పడి, కడప వైపు చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయిన రోజుల్లో ఈ రెండు ఏర్లూ పొంగాయి. పూండి నుంచి వదిలిన నీరు ఉత్తర చెన్నైలోని మణలి న్యూటౌన్ ఇళ్లలోకి చేరింది. అందువల్ల తిరుపతి జిల్లా వానల వార్తను ఎక్కడో పక్క రాష్ట్రపు వార్తగా వినకూడదు. అది మన ఏటికి రాబోయే నీటి కబురు.

పూండిని 1944లో చెన్నై దాహం తీర్చడానికి కట్టారు. దాని నిల్వ సామర్థ్యం దాదాపు 3.2 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీరు కూడా ఇందులోనే చేరుతుంది. వేసవికి తాగునీరు మిగలాలి కాబట్టి డిసెంబరు నాటికి జలాశయాన్ని వీలైనంత నిండుగా ఉంచక తప్పదు. కానీ నిండిన జలాశయం మీద తుపాను వాన పడితే, వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలడం తప్ప మరో మార్గం ఉండదు. 2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, చెన్నై పక్కనున్న చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) దాకా వదిలిన నీరు, మధ్యలో చెరువుల నుంచి వచ్చిన నీటితో కలిసి నగరంలో అడయారు నది ఒడ్డును ముంచింది. ఆ వానాకాలంలో తమిళనాడులో 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పనిచేయలేదు, బంధువుల క్షేమం తెలియక ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి అల్లాడిపోయాయి. అధికారుల తప్పొప్పుల మీద విచారణ అవసరమే. అయితే అర్ధరాత్రి గుమ్మంలోకి నీరు వచ్చినప్పుడు ఆ విచారణ ఏ ఇంటినీ కాపాడలేదు.

ఇక చెరువులు. ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే దాని కింది ఊరికి నీరు చేరుతుంది. అక్టోబరు మొదటి వారంలో ఊరి పెద్దలు, యువకులు కలిసి కట్ట మీద ఒక్కసారి నడిచి రావాలని నా విన్నపం. అలుగు ముందు ముళ్లకంపలు పెరిగాయా, అలుగు నీరు పారే వాగులో ఎవరైనా మట్టి పోశారా, కట్టకు ఎలుక బొరియలు పడ్డాయా అని చూడాలి. ఏ లోపం కనబడినా పంచాయతీకి, జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. గండి పడిన తర్వాత ఇసుక బస్తాలు మోయడం కన్నా ఇది ఎంతో తేలిక.

హెచ్చరికలను ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పుడు చెబుతాను. వాతావరణ శాఖ ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగులు సాధారణంగా జిల్లా మొత్తానికి ఇచ్చేవి. మీ వీధి ఎంత పల్లంలో ఉందో ఆ రంగు చెప్పదు. ఒక రోజులో 20 సెంటీమీటర్లకు మించి కురిసేదాన్ని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తారు. గేట్లు ఎత్తుతున్నామన్న ప్రకటన తమిళంలో, మైకులో వస్తుంది. ఈ మధ్యే ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న తెలుగువారికి, కోడలి దగ్గరకు వచ్చి ఉంటున్న ముసలి అత్తగారికి అది అర్థం కాకపోవచ్చు. పక్కింటివారు తెలుగులో ఆ మాట చేరవేయాలి. దీనికి తోడు పిచ్చాటూరు, నాగలాపురం వైపు ఉన్న చుట్టాలకు ఫోన్ చేసి ఏరు ఎలా ఉందని అడగండి. మనకున్న ఈ బంధుత్వం గంటల ముందే కబురు తెచ్చే సాధనం. జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, అత్యవసర సేవలు 112, అంబులెన్స్ 108. ఈ నంబర్లను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు అందులోని నంబరు కనిపించదు కదా.

ఇల్లు వదలవలసిన గుర్తు సంగతికి వస్తాను, ఎందుకంటే నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గత వరదల్లో నీరు ఎక్కడి దాకా వచ్చిందో ఊరిలో పెద్దవారిని అడిగి, వంతెన స్తంభం మీదనో, రామాలయం మెట్టు మీదనో రంగుతో గీత గీయించండి. నీరు ఆ గీతకు రెండడుగుల కింద ఉండగానే ముసలివారు, పిల్లలు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవారు మెరక మీదికి చేరిపోవాలి. చీకటి పడే సూచన ఉంటే ఇంకా ముందే కదలాలి. జానెడు లోతు నీరైనా వేగంగా పారుతుంటే మనిషిని పడేస్తుంది, మోకాలి లోతు ప్రవాహం కారును కూడా తోసుకుపోగలదు. రోడ్డు మీద నీరు పారుతుంటే బండి దింపకండి. పులికాట్ చుట్టూ ఉన్న మత్స్యకార గ్రామాల వారికి ఈ గీత లెక్క సరిపోదు. అక్కడ ముప్పు సముద్రం వైపు నుంచి కూడా వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనలో 10 వేల మందికి పైగా చనిపోయారు. అటువంటి కెరటం లేచిన తర్వాత పరుగెత్తడానికి వ్యవధి ఉండదు కాబట్టి, ఖాళీ చేయమని అధికారులు చెప్పిన వెంటనే, గాలి మొదలవక ముందే తుపాను ఆశ్రయ భవనానికి వెళ్లిపోవాలి.

పశువుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది రైతులు ఆవును వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోతారు. ఆ ప్రేమను తప్పుపట్టలేము, అందుకే ఏర్పాటు ముందే చేసుకోవాలి. మెరక మీద ఎవరి దొడ్లో కట్టాలో మాట్లాడి పెట్టుకోండి. తీసుకువెళ్లే సమయం లేకపోతే పలుపు విప్పేయండి. విడిచిన పశువుకు ఈదుకుంటూ గట్టెక్కే అవకాశం ఉంటుంది, కట్టేసిన పశువుకు అది కూడా ఉండదు.

ఇంట్లో సిద్ధంగా ఉంచవలసినవి ఎక్కువేమీ కావు. వారానికి సరిపడే బీపీ, షుగర్ మందులు, మూడు రోజుల తాగునీరు, అటుకులు, మరమరాలు, బెల్లం, టార్చి, కొంత చిల్లర నగదు ఉంటే చాలు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెట్లను, కరెంటు స్తంభాలను పడగొట్టినప్పుడు చాలాచోట్ల రోజుల తరబడి మోటార్లు తిరగలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. ఊళ్లో పనిచేసే చేతిపంపు ఎక్కడుందో తెలిసి ఉండటం అప్పుడు అక్కరకు వస్తుంది. పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టి అటక మీద ఉంచండి. బయలుదేరేముందు మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటర్ మూసేయండి.

నీరు తీశాక వెంటనే స్విచ్ వేయకూడదు, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆగాలి. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజను పాడవుతుంది, బీమా సొమ్ము రావడమూ కష్టమవుతుంది. పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి, కట్టెల మోపుల్లోకి చేరతాయి. కాటు వేస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం వంటివి చేయకుండా, ఆ అవయవం కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బురదనీటిలో తిరిగినవారికి కొద్ది రోజుల్లో జ్వరం, కండరాల నొప్పులు వస్తే ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. వరద నీటిలో నడిచామని డాక్టరుకు తప్పక చెప్పండి.

చివరగా సాయం అందే విషయం. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వల్ల చెన్నై, దాని చుట్టుపక్కల ప్రాంతాలు మునిగినప్పుడు తమిళనాడు ప్రభుత్వం రేషన్ దుకాణాల ద్వారా కుటుంబానికి 6,000 రూపాయలు ఇచ్చింది. రేషన్ కార్డు ఆంధ్రలోనే ఉండిపోయి, ఇక్కడ అద్దెకు ఉంటున్న కుటుంబాలకు ఇటువంటి సమయంలో సాయం అందడం కష్టమవుతుంది. ఇక్కడే స్థిరపడినవారు కార్డును ఇక్కడికి మార్పించుకోవాలి. మారని వారు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఇక్కడి చిరునామాతో ఉన్న గ్యాస్ రసీదు, బ్యాంకు ఖాతా పుస్తకం అక్టోబరు రాకముందే ఒకచోట చేర్చి, ఫొటో తీసి ఊళ్లో ఉన్న బంధువుకు కూడా ఒక కాపీ పంపించి ఉంచుకోవాలి.