పిలిస్తే వచ్చే కుక్క

(తిరుపతిలో పెంపుడు కుక్కల టీకా శిబిరానికి వచ్చినవారి ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు కుక్కల్ని నీడలోకి తెచ్చుకోండి. మనం ఎండలో నిలబడినా ఫరవాలేదు.

ఈరోజు జూలై 6. 1885లో ఇదే తారీఖున పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి రేబిస్ టీకా మొదలుపెట్టించాడు. ఏటా ఈ రోజున కుక్కలకు టీకాలు వేయడం అందుకే. టీకా సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నన్ను మాట్లాడమన్నది మాట వినని కుక్కల గురించి.

ఇందాక లైనులో చాలామంది ఒకే మాట అన్నారు: "సార్, మావాడికి అన్నీ అర్థమవుతాయి, కావాలనే వినడు." నేను ఒప్పుకోను. మీవాడు రోజంతా మీరు నేర్పిందే చేస్తున్నాడు. మీరు అన్నానికి కూర్చుంటే మొరిగాడు, గోల భరించలేక ఒక ముద్ద పడేశారు. మొరిగితే ముద్ద వస్తుందని నేర్పింది ఎవరు? ఆఫీసు నుంచి రాగానే మీద ఎగిరాడు, "ఏయ్, దిగు" అంటూ రెండు చేతులతో తోశారు. మీకది కోప్పడటం, వాడికది ఆట. అలిపిరి వైపు వాకింగ్‌కు తీసుకెళ్తే గొలుసు లాగాడు, మీరు వెనకాలే పరిగెత్తారు. లాగితే ముందుకు పోవచ్చని తేలిపోయింది. ఏం చేస్తే ఏం దక్కుతుందన్న లెక్క కుక్కకు బాగా తెలుసు. మనకు నచ్చిన పనికి కూలి ఇవ్వం, నచ్చని పనికి రోజూ ఇస్తాం. ట్రైనింగ్ అంటే ఆ కూలి ఇచ్చే చోటు మార్చడమే.

సులువైనది ముందు చూపిస్తాను. ఆ ల్యాబ్రడార్‌ను ఇటు తీసుకురా నాయనా. నా వేళ్ల మధ్య ఉన్నది ఉడికించిన కోడి లివర్, గోరంత ముక్క. దాని ముక్కు దగ్గర పెట్టి, తల మీదుగా నెమ్మదిగా వెనక్కి జరుపుతున్నాను. చూశారా, తల పైకి లేచింది, నడుము దానంతటదే కిందికి దిగింది. "శభాష్!" ముక్క ఇచ్చేశాను. వీపు మీద చెయ్యి వేసి నొక్కే పని లేదు. చెయ్యి మరీ ఎత్తితే ఎగురుతుంది, అందుకని ముక్కుకు దగ్గరగానే ఉంచాలి. కొన్నిసార్లు ఇలా చేశాక ఖాళీ చేత్తో అదే సైగ చెయ్యండి, ముక్క జేబులోంచి తీసి ఇవ్వండి. లేకపోతే తిండి కనబడితేనే కూర్చునే కుక్క తయారవుతుంది. సైగకు ఠక్కున కూర్చోవడం వచ్చాక, సైగకు ముందు మాట చేర్చండి.

ఆ "శభాష్" ఊరికే అనలేదు. కుక్క కూర్చున్నాక మీరు డబ్బా మూత తీసి, ముక్క వెతికి ఇచ్చేసరికి అది లేచి నిలబడి ఉంటుంది. అప్పుడు ఇస్తే లేచినందుకు ఇచ్చినట్టు. అందుకే నడుము నేలకు ఆనిన క్షణంలో ఒక మాట, వెంటనే తిండి. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు మీరు వినే ఉంటారు. 1904లో ఆయనకు నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు, కుక్కల ట్రైనింగ్‌కు కాదు. ఆ పనిలో ఉండగానే ఆయన ఒకటి గమనించాడు. తిండి నోటికి అందకముందే, తెచ్చే మనిషి అలికిడికే కుక్కల నోట్లో నీరూరుతోంది. మీ శభాష్ కూడా అలాంటి అలికిడే. వెనకాల తిండి వస్తున్నంత కాలమే దానికి విలువ.

మాట మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. మన తిరుపతి ఇళ్లలో అబ్బాయి "సిట్" అంటాడు, అవ్వ "కూర్చో" అంటుంది, వేలూరు నుంచి వచ్చిన కోడలు "ఉక్కారు" అంటుంది. ఏదైనా ఒకటి ఎంచుకుని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఒక్కసారే చెప్పండి. "సిట్, సిట్, సిట్, సిట్ అంటుంటే" అని నాలుగుసార్లు అంటే, నాలుగోసారి కూర్చుంటే చాలని నేర్చుకుంటుంది. రోజుకు రెండు మూడు సార్లు, మూడు నాలుగు నిమిషాల చొప్పున చాలు. దానికి ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపెయ్యాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. కూర్చోవడం రాకపోయినా కుక్క బతుకుతుంది. పిలిస్తే రాకపోతే బతకకపోవచ్చు. గేటు తెరిచి ఉంటుంది, ఎదురుగా పిల్లి, ఇటు నుంచి ఆటో, అటు నుంచి బైకు. అప్పుడు "రా" అంటే వెనక్కి తిరగాలి. కానీ ఇళ్లలో "రా" ఎప్పుడంటామో ఆలోచించండి. స్నానానికి, మాత్ర మింగించడానికి, ఆట ఆపేసి కట్టెయ్యడానికి, చెప్పు కొరికినందుకు కొట్టడానికి. దాని దృష్టిలో ఆ మాట వెనకాల మంచి ఒక్కటీ లేదు. కొన్ని ఇళ్లలో ఆ మాట ఎంత పాడైపోయి ఉంటుందంటే, దాన్ని వదిలేసి కొత్త మాట మొదలుపెట్టమంటాను.

ఇంట్లోనే, రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. పిలవండి, వస్తే మంచి ముక్క ఇవ్వండి, మళ్లీ ఆటకు వదిలెయ్యండి. ఆ వదిలెయ్యడం ముఖ్యం. వచ్చినా ఆట పోదని దానికి తెలియాలి. తర్వాత వరండా, ఆ తర్వాత మేడ మీద, ఆ పైన ఊరి బయట ఖాళీ లేఅవుట్. అక్కడ ఛాతీకి వేసే బెల్టుకు పొడవాటి తాడు కట్టి చెయ్యండి. వస్తుందన్న నమ్మకం లేనప్పుడు పిలవకండి, వెళ్లి తెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఏం పాడు చేసి వచ్చినా, వచ్చిన కుక్కను తిట్టకండి. స్నానం చేయించాలంటే పిలవకుండా మీరే దాని దగ్గరికి వెళ్లండి.

గొలుసు లాగడానికి మందు ఒకటే. లాగిన క్షణంలో ఆగిపోవాలి, వదులైన క్షణంలో నడవాలి. మొదటి వారం వీధి చివరికి కూడా చేరరు, ఆఫీసు టైముకు ముందు ఈ పని పెట్టుకోకండి. ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్కకు గొలుసు లేదని మన పల్లెల్లో భారతం విన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ దారిలో ఆటోలు లేవు.

కొట్టడం గురించి. లోపల మూత్రం పోసినందుకు ముక్కు దాంట్లో రుద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. దానివల్ల కుక్కపిల్ల నేర్చుకునేది మీ ఎదురుగా పోయకూడదని, అందుకే సోఫా వెనక పోస్తుంది. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్లి, అక్కడ పోసినప్పుడు శభాష్ అనండి. గుర్రుమన్నందుకు కూడా కొట్టకండి. అది హెచ్చరిక. హెచ్చరించడం మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

రోజంతా కట్టేసి ఉంచి "మొరుగుతోంది సార్" అనేవాళ్లకు ఒక సంగతి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులో 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టెయ్యడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని కూడా ఆ సెక్షన్‌లోనే విడిగా రాశారు.

తిండి విషయంలో మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. శ్రీవారి లడ్డూ భక్తితో కుక్కకు కూడా పెడతారు. అందులో ఎండు ద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీయగలవు, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. చాక్లెట్, ఉల్లిపాయ కూడా వద్దు. శాకాహారం ఇళ్లలో పన్నీరు, ఉడికించిన గెనుసుగడ్డ, క్యారెట్ ముక్కలు సరిపోతాయి. ట్రైనింగ్‌లో ఇచ్చినంత గిన్నెలో తగ్గించండి.

కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దానికి మామూలైపోతాయి. టీకాలు పూర్తికాలేదని ఇంట్లోనే దాచిపెడితే ఆ సమయం దాటిపోతుంది. నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, గొడుగులు, స్కూలు పిల్లలు, కుక్కర్ విజిల్, అన్నీ చూడనివ్వండి, విననివ్వండి. పెద్దవైన కుక్కలు కూడా నేర్చుకుంటాయి, కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఎండాకాలంలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దెక్కాక తారు రోడ్డు మీద నడిపించకండి. అరచేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా తట్టుకోలేవు. చప్పిడి ముక్కు ఉండే పగ్ జాతి కుక్కలకు మరీ జాగ్రత్త, వాటి ముక్కు నిర్మాణమే ఊపిరికి ఇబ్బంది.

చివరిగా దీపావళి. ఇంకా మూడు నెలలకు పైనే ఉంది, ఇప్పుడే మొదలుపెట్టండి. ఫోనులో టపాకాయల చప్పుడు చాలా తక్కువ సౌండ్‌తో పెట్టి, అది వినిపిస్తుండగా అన్నం పెట్టండి. ప్రశాంతంగా తింటే కొన్ని రోజుల తర్వాత కాస్త పెంచండి. తినడం ఆపి చెవులు వెనక్కి వాల్చిందంటే మీరు తొందరపడ్డట్టే. నిన్నటి సౌండ్‌కు తగ్గించి, అక్కడి నుంచి మళ్లీ పెంచుకుంటూ రండి.