జబ్బు వరం కాదు, టైమిచ్చిందంతే

అందరికీ నమస్కారమండీ. ముందు బయట కట్టిన ఫ్లెక్సీ గురించి ఒక మాట చెప్పేసి మొదలెడతాను. నా ఫొటో కింద "మృత్యువును జయించిన రచయిత" అని వేశారు. మన కుర్రాళ్ళు అభిమానంతోనే వేశారు, కాదనను, కానీ నేనేం జయించలేదండీ, కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను దగ్గరికెళ్ళి వడ్డీ కట్టి వస్తున్నాను, అసలు అలాగే ఉంది. కాబట్టి ఆ ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం నిరాశపడడానికి రెడీగా ఉండండి.

నేను ఆర్టీసీ కండక్టర్ని. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం, ఆ రూట్లలో ఇరవయ్యేళ్ళ పైన చేశాను. రాత అంటే నాకు తెలిసింది ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాయితం రాయడమే, స్టేజి స్టేజికీ ఎన్ని టికెట్లు పోయాయో చూసుకుని క్లోజ్ చెయ్యడం, టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చాక అదీ తగ్గిపోయింది. చదువు అంటే ఎవరో సీట్లో వదిలేసి దిగిపోయిన పేపరు. ఇంతకంటే సాహిత్య నేపథ్యం ఏమీ లేదు.

2017లో, నాకు నలభై ఆరొచ్చిన ఏడు, కాళ్ళు వాస్తున్నాయి, మెట్లెక్కితే ఆయాసం, నిలబడి చేసే డ్యూటీ కదా అందుకే అనుకున్నాను. టెస్టు చేయిస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీ రక్తంలోంచి బయటికి పంపాల్సిన వ్యర్థం, తొమ్మిది దాటింది, మామూలు మనిషికి ఒకటి అటూ ఇటూ ఉండాలి. షుగర్ లేదు, బీపీ లేదు. ఇంకో ఊళ్ళో అయితే ఎలా వచ్చింది ఎందుకొచ్చింది అని పదిమంది అడుగుతారు, మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరూ అడగరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరికెళ్ళినా ఏదో ఒక వీధిలో ఇదే కథ. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పని చెయ్యడం అన్నారు, వంశపారంపర్యం అన్నారు, ఇదీ కారణం అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. శ్రీలంకలో అనురాధపుర వైపు వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్లలో చెరుకు నరికే కూలీలకీ ఇలాంటిదే వస్తుందట. ఎక్కడో సముద్రాల అవతల చెరుకు తోటలో మనిషికీ మా జీడితోటలో మనిషికీ చుట్టరికం కలిపిన జబ్బు ఇది.

సరే, రాత ఎలా మొదలైందో చెప్తాను. కథతో కాదండీ, అర్జీలతో.

డయాలసిస్ సెంటర్లో నా పక్క మంచాల వాళ్ళు ఎక్కువమంది కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళు, వేటకెళ్ళేవాళ్ళు. 2019లో డయాలసిస్ పెన్షన్ నెలకి 10,000 చేశారు కదా, ఆధార్ తేడాలు, రేషన్ కార్డు తేడాలు, డాక్టర్ సర్టిఫికెట్లు, ఒకటే హడావుడి. ఎస్సార్ రాసిన చెయ్యి కదా, నా అక్షరం గుండ్రంగా ఉంటుంది. అంతే, "కండక్టరు బాబూ, ఓ కాయితం రాసి పెట్టు" అని అందరూ నా మీద పడ్డారు.

మా వరసలో ఒక పెద్దాయన ఉండేవారు, కొబ్బరి దింపు పని చేసినాయన. అర్జీ రాస్తున్నాను, పేరు, ఊరు, ఎన్నాళ్ళ నుంచి డయాలసిస్, అన్నీ అయిపోయాయి, ఇంకేమైనా చెప్పాలా తాతా అన్నాను. ఆయన ఇలా అన్నారు. "సెట్టు దిగీసి బొండాం కొట్టుకుంటే ఎత్తిన నోరు దించకుండా తాగీసీవోణ్ణి బాబూ. ఇప్పుడు మా దొడ్లో గెలలు ఏలాడతన్నాయి, సూసుకుంట కూకుంటన్నాను. అదీ రాయి."

తెలియనివాళ్ళకి చెప్తున్నాను, కిడ్నీ పోయినవాళ్ళకి కొబ్బరినీళ్ళు నిషేధం, అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగి ఆ చెట్లెక్కే బతికిన మనిషికి ఆ కాయే విషం అయిపోయింది. ఇది తహసీల్దార్ గారికి రాసే కాయితంలో ఎక్కడ రాయను? రాయలేదు. కానీ ఇంటికొచ్చాక అది వదల్లేదు, అర్జీ చిత్తుప్రతి వెనకాల ఖాళీగా ఉంటే దాని మీద రాశాను, ఆయన అన్నది అన్నట్టు, ఆయన చెయ్యి ఎలా పైకెత్తి చూపించారో కూడా. అదే నా మొదటి కథ. ఆ తర్వాత రాసినవన్నీ దాదాపు ఇంతే, అర్జీలో పట్టకుండా మిగిలిపోయినవి.

పత్రికలో అచ్చయ్యాక ఆయనకి చదివి వినిపించాను. సంతోషిస్తారనుకున్నాను. "నా పేరు మార్చీసినావేటి?" అని కోపం. రచయితలు పేర్లు మారుస్తారు తాతా, మీ పరువు కోసమే అంటే, "నా పరువుకేటైంది, అందులో సెడ్డ మాటేటున్నాది, నాను తాగిన బొండాం ఎవుడి పేరునో రాసీసినావు" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. ఆయన ఇప్పుడు లేరు.

ఇంక రాసే పద్ధతి అడుగుతుంటారు, అది నిజంగా చెప్పాల్సిన విషయమే. డయాలసిస్ నాలుగు గంటలు. ఎడమచేతికి ఫిస్ట్యులా, అంటే ధమనినీ సిరనీ ఆపరేషన్ చేసి కలుపుతారు, అక్కడ వేలు పెడితే జుమ్మని కొట్టుకుంటూ ఉంటుంది, దాంట్లోకి రెండు లావు సూదులు. ఆ చెయ్యి కదిపితే మిషను కూత పెడుతుంది, సిస్టర్ పరిగెత్తుకొస్తుంది. కాబట్టి కుడిచెయ్యి ఒక్కటే. పడుకుని పైకి పట్టుకుని రాస్తే బాల్ పెన్ను కాసేపటికి పడదు, ఇంకు కిందికి రావాలి కదా, అందుకని పెన్సిల్. మొదటి గంట సూదులు, బీపీ చూడడం, సర్దుకోవడం. చివరి గంట ఒంట్లో నీళ్ళు లాగేసి ఉంటారు, బీపీ పడిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి. మధ్యలో రెండు గంటలే నావి. నా కథలు మూడు నాలుగు పేజీలు దాటవు, "క్లుప్తత మీ శైలి" అని ఒక విమర్శకుడు గారు రాశారు, శైలి కాదు సార్, బీపీ.

మధ్యలో ఫోన్లో మాట్లాడి టైప్ చేయించే ప్రయత్నం కూడా చేశాను. మా వాళ్ళ మాట ఆ ఫోన్‌కి అర్థం కాదు, "ఎల్లిపోనాది" అంటే ఏదేదో రాస్తుంది. మళ్ళీ పెన్సిలే.

చదవడం దీని తర్వాతే మొదలైంది, తలకిందులుగా. డయాలసిస్ లేని రోజు చూసుకుని ఇక్కడే శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు, మీకు తెలుసు, లెక్కల మాస్టారు ఆయన, తన కథలే కాకుండా ఊరందరి కథలూ పోగేసి దాచడం మీద ఏళ్ళు పెట్టిన మనిషి. అక్కడ రావిశాస్త్రి గారినీ చాసో గారినీ చదివితే నా బస్సులో ఎక్కే జనం మాటే అచ్చులో కనిపించింది. ఇలా రాయొచ్చా, ఎవరూ ఏమీ అనరా అని నాకు పెద్ద ధైర్యం.

ఇంకొకాయన గురించి తెలిసింది, ఫ్రాన్స్‌లో జాన్ డొమినిక్ బోబీ అని ఒక పత్రిక ఎడిటర్, 1995లో నలభై మూడేళ్ళకి స్ట్రోక్ వచ్చి ఒళ్ళంతా పడిపోయింది, ఎడమ కంటి రెప్ప ఒక్కటే ఆడుతుంది. పక్కన ఒకావిడ అక్షరాలు వరసగా చదువుతుంటే కావల్సిన అక్షరం దగ్గర రెప్ప కొట్టేవాడు, అలా పుస్తకం మొత్తం చెప్పాడు. మామూలు ఏబీసీడీ వరస కాదు, ఫ్రెంచిలో ఎక్కువ వాడే అక్షరాలు ముందు వచ్చేలా మార్చుకున్నారు, టైం కలిసొస్తుందని. 1997 మార్చిలో పుస్తకం వచ్చింది, అదే నెలలో, రోజుల తేడాతో ఆయన పోయాడు. అందరూ ఆయన సంకల్పబలం గురించి చెప్తారు, నాకు మాత్రం ఆ అక్షరాల వరస మార్చుకోవడమే నచ్చింది. పని ఎలా జరుగుతుందో చూసుకున్నాడు ముందు.

రాస్తే రోగం తగ్గుతుందంటారు కొందరు. 1986లో పెన్నిబేకర్ అని అమెరికా సైకాలజిస్టు ఇంకొకావిడతో కలిసి కాలేజీ పిల్లల చేత నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున, మనసులో దాచుకున్న బాధలు రాయించాడు. తర్వాత నెలల్లో వాళ్ళు డాక్టర్ దగ్గరికెళ్ళడం తగ్గిందట. అక్కడిదాకానే చెప్తారు మనకి. రాసిన వెంటనే ఆ పిల్లల మనసు ఇంకా పాడైందని కూడా అందులోనే ఉంది. నాకు అదే ఎక్కువ నిజం అనిపిస్తుంది. కథ రాసినందుకు నా క్రియాటినిన్ ఒక్క పాయింటు తగ్గలేదు, కొన్ని కథలు రాశాక రెండు రోజులు అన్నం సయించలేదు. వాట్సాప్‌లో "జబ్బు నాకు దేవుడిచ్చిన వరం" అని పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మా ఆవిడ తాకట్టు పెట్టిన గాజులు అడగండి అది వరమో కాదో. జబ్బు నాకు ఇచ్చింది కదలకుండా పడుకునే టైము ఒక్కటే. రాయడానికి సరుకు ఇచ్చింది మాత్రం అంతకుముందు ఇరవయ్యేళ్ళు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి విన్న మాటలు. ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే మంచం మీద పడుకోబెట్టి ఉంటే నేను రాసేది నా గురించే.

తిత్లీ తుఫాను గురించి ఎందుకు రాయలేదని అడుగుతారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వచ్చింది, ఉద్దానం కొబ్బరి, జీడి మొత్తం నేలమట్టం, కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఎన్ని చెట్లు పడ్డాయో పేపర్లన్నీ రాశాయి. నేను రాసింది ఒక్క చెట్టు గురించి. డయాలసిస్ తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది, ఆగలేం, నలుగురం ఒక ఆటోలో బయల్దేరాం, దారికి అడ్డంగా కొబ్బరిచెట్టు. ఆ చెట్టు తాలూకు రైతు దాని మొదలు మీదే కూర్చుని ఉన్నాడు, గొడ్డలి పక్కనే ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. మేం దిగి నిలబడ్డాం, ఎవరం ఏం అనలేదు. ఆయన మా చేతులకున్న కట్లు చూశాడు. లేచి, "మీరు కొట్టొద్దు, నానే కొడతాను" అని తనే నరికాడు. ముక్కలు పక్కకి దొర్లిస్తుంటే మా ఆటో డ్రైవరు సాయం పట్టాడు. అంతే కథ. ఆ రైతు మొహంలో ఏముందో రాయమని ఎడిటర్ గారు అడిగారు, నాకు తెలీదండీ, ఆయన అటు తిరిగి నరుకుతున్నాడు అన్నాను.

ఇక్కడ నా వయసువాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు, ఇందాక ఒకాయన "రిటైరయ్యాక రాద్దామని ఉంది" అన్నారు. మీ ఇష్టం సార్. ఒక్కటి మాత్రం అడుగుతాను, మీ ఆఫీసుల్లో అర్జీల చిత్తుప్రతులు ఉంటే పారెయ్యకండి, నాకు పంపండి, ముఖ్యంగా కొట్టేసిన లైన్లు ఉన్నవి.

రేపు పొద్దున ఆరింటి షిఫ్టు నాది, రాత్రి బస్సుకి వెళ్ళిపోవాలి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడిగెయ్యండి. టీ మాత్రం వద్దమ్మా, ఇవాళ్టి నీళ్ళ కోటా అయిపోయింది.