శిక్ష పెంచడం తేలిక, పట్టుకోవడానికే ఖర్చు

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువుంది కాబట్టి నేరుగా లెక్కలోకి దిగిపోదాం. 1968లో గ్యారీ బెకర్ అనే ఎకనామిస్ట్ ఒక పేపర్ రాశాడు, 1992లో ఆయనకి నోబెల్ వచ్చింది లెండి, ఆ పేపర్లో చెప్పింది ఏంటంటే తప్పు చేసేవాడు కూడా లెక్కేసుకుంటాడు, దొరికే ఛాన్స్ ఎంత, దొరికితే పడేది ఎంత, రెండూ గుణిస్తే వచ్చింది తన లాభం కన్నా ఎక్కువైతే ఆగిపోతాడు అని. పది మందిలో ఒకడు దొరికి వెయ్యి కట్టినా, వంద మందిలో ఒకడు దొరికి పదివేలు కట్టినా సగటున తలకి పడేది వందే.

ఇక్కడే ప్రభుత్వాలకి ఆశ పుడుతుంది. పోలీసులు, కెమెరాలు, కోర్టులు, జడ్జీలు, వీటికి ఏటేటా డబ్బు పోయాలి. ఫైన్ పక్కన ఇంకో సున్నా పెట్టడానికి మాత్రం చట్టంలో ఒక సవరణ చాలు. జైలు సంగతి వేరు, లోపల పెట్టిన ప్రతివాడి తిండీ కాపలా ఖర్చూ జనం మీదే పడుతుంది, అందుకే కుదిరిన చోట ఫైనే మేలని బెకర్ కూడా అన్నాడు. మరి పట్టుకునే ఖర్చు తగ్గించేసుకుని ఫైన్ ఆకాశానికి పెంచేస్తే పని చౌకలో అయిపోతుంది కదా? కాగితం మీద అయిపోతుంది.

బయట ఎందుకవ్వదో ఇంగ్లండ్ చూపించింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ 200కి పైగా నేరాలకి ఉరిశిక్ష ఉండేది. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు ఎత్తుకుపోతే ఉరి. అయితే ఎదురుగా నిలబడ్డ మనిషిని ఇంత చిన్న దొంగతనానికి ఉరికంబం ఎక్కించడానికి జ్యూరీలకి మనసొప్పేది కాదు, దాంతో పోయిన సొత్తు విలువ 39 షిల్లింగులే అని రాసేసేవాళ్ళు, అంత కన్నా ఎక్కువని అందరికీ తెలిసినా సరే. చివరికి 1830లో బ్యాంకర్లే పార్లమెంటుకి అర్జీ పెట్టుకున్నారు, ఫోర్జరీకి ఉరిశిక్ష రద్దు చేయండి బాబోయ్, ఉరి ఉండటం వల్లే ఎవరికీ శిక్ష పడట్లేదు అని. నష్టపోతున్న వాళ్ళే శిక్ష తగ్గించమని బతిమాలుకున్నారంటే చూడండి! అంటే బెకర్ లెక్కలో ఆ రెండు అంకెలూ విడివిడిగా ఉండవు, ఒకటి లాగితే రెండోది కుంగిపోతుంది.

ఇంకోటి, 1970లో జార్జ్ స్టిగ్లర్ అనే ఇంకో ఎకనామిస్ట్ చెప్పింది. అన్నిటికీ గరిష్ఠ శిక్షే పెడితే చిన్న తప్పు దగ్గర ఆగడానికి కారణం ఉండదు, కిడ్నాప్‌కీ హత్యకీ ఒకటే శిక్షైతే కిడ్నాపర్‌కి సాక్షిని వదిలేయాల్సిన పనేముంది?

మరి పట్టుకునే ఛాన్స్ పెంచితే నిజంగా ఫలితం ఉంటుందా అంటే, మామూలుగా ఇది తేల్చడం కష్టం, ఎందుకంటే నేరాలెక్కువున్న చోటికే పోలీసుల్ని పంపుతారు, అంకెలు చూస్తే పోలీసుల వల్లే నేరాలు పెరిగినట్టు కనిపిస్తుంది. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో 1994 జులైలో యూదుల సెంటర్ మీద బాంబు దాడి జరిగాక యూదుల, ముస్లింల సంస్థలన్నిటి దగ్గరా కాపలా పెట్టారు, కార్ల దొంగతనాలతో ఆ నిర్ణయానికి ఏ సంబంధమూ లేదు, కాబట్టి ఇక్కడ కాపలా ప్రభావం ఎంతో విడిగా చూడొచ్చు. ఆ కాపలా ఉన్న బ్లాకుల్లో కార్ల దొంగతనాలు దాదాపు 75 శాతం పడిపోయాయి. కాకపోతే ఒకటి రెండు బ్లాకులు దాటితే ప్రభావం దాదాపు సున్నా. పనిచేస్తుంది, కానీ కాపలా ఉన్న మేరకే, ఆ ఖర్చు తప్పదు.

అలాగని ఖాయంగా పడితే చాలు, చిన్న ఫైనైనా ఫర్వాలేదు అనుకోకండి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని డేకేర్ సెంటర్లలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే పేరెంట్స్‌కి 10 షెకెల్స్ ఫైన్ పెట్టి చూశారు, నీజీ, రుస్టికీని అనే ఇద్దరు ఎకనామిస్టులు 2000లో దీని మీద పేపర్ వేశారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి! ఇంతకుముందు టీచర్ మొహం చూడటానికి సిగ్గుపడేవాళ్ళు కాస్తా ఇప్పుడు డబ్బు కట్టేశాం కదా అని ధీమాగా రావడం మొదలెట్టారు. ఫైన్ ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. నా దృష్టిలో బెకర్ లెక్కకి తగిలిన గట్టి దెబ్బ ఇదే, ఎందుకంటే ఫైన్‌కి ముందు అక్కడ పనిచేసిన ఆ సిగ్గు ఏ చట్టంలోనూ లేదు, దాన్ని ఫైనే చెరిపేసింది.

చివరిగా లంచం. పట్టుకునే ఏర్పాటు అలాగే ఉంచి ఫైన్ పదింతలు చేస్తే పెరిగేది భయం ఒక్కటే కాదు, బేరం కూడా, వెయ్యి ఫైన్ దగ్గర రెండొందలకి వదిలేసే ఆఫీసర్ పదివేల ఫైన్ దగ్గర రెండు వేలు అడుగుతాడు, దొరికినవాడికి అప్పటికీ అది లాభమే. దీని మీద బెకర్, స్టిగ్లర్ కలిసి 1974లో రాశారు, ఆఫీసర్లకి బయట దొరికే దానికన్నా ఎక్కువ జీతం ఇవ్వాలి, లంచం తీసుకుంటూ దొరికితే ఆ ఉద్యోగంతో పాటు రిటైర్మెంట్‌కి రావాల్సిన డబ్బూ పోవాలి అని. ఐడియా బాగానే ఉంది, కానీ ఆ ఆఫీసర్ని పట్టుకోవడానికి పైన ఇంకొకళ్ళు ఉండాలి, వాళ్ళకీ జీతాలివ్వాలి, మళ్ళీ సవరణతో అయ్యే పని కాదది, బడ్జెట్‌లో పెట్టాల్సిందే. ప్రశ్నలుంటే అడగండి.