పాత పీఎస్‌పీ 3000: తక్కువ ఖర్చులో ఏం మార్చాలి, దేని జోలికి పోకూడదు

నమస్తే అండి. ఇవాళ మన బల్ల మీదున్నది చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్, సోనీ పీఎస్‌పీ, 3000 మోడల్, సెకండ్‌హ్యాండ్. వెనకాల గీతలున్నాయి, అనలాగ్, అంటే బొటనవేలితో కదిపే చిన్న స్టిక్, ఎడమపక్కకి లాగుతోంది, బ్యాటరీ ఉబ్బింది, ఆటలు, సేవ్‌లు దాచుకునే కార్డు, అదే మెమరీ స్టిక్, అసలు లేదు. పాత పీఎస్‌పీ కొంటే ఎక్కువమంది చేతికొచ్చేది ఇలాంటిదే. కానీ స్క్రీన్ శుభ్రంగా ఉంది, బటన్లన్నీ పనిచేస్తున్నాయి. నాకు అది చాలు.

ఈ వీడియోలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది డబ్బు ఏ వరసలో పెట్టాలన్నది. మాడ్ (మెషీన్‌ని మనకి నచ్చినట్టు మార్చుకోవడం) అనగానే అందరి చూపూ ముందు ట్రాన్స్‌పరెంట్ షెల్, అంటే బయటి ప్లాస్టిక్ డొప్ప, మీదికి పోతుంది. బడ్జెట్‌లో సగం అక్కడే ఖర్చయిపోతుంది. మిగిలిన దాంతో నాసిరకం బ్యాటరీ, ఊరూపేరూ లేని కార్డు వేస్తారు. ఆట మధ్యలో ఆగిపోతుంటే తప్పు మెషీన్ మీదికి నెడతారు. అందుకే ముందు బ్యాటరీ, తర్వాత కార్డు, ఆ తర్వాత అనలాగ్. సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. షెల్ సంగతి ఆఖర్న చూద్దాం.

ఇంకా కొనని వాళ్ల కోసం మోడల్ గురించి రెండు మాటలు. పీఎస్‌పీ మొదట 2004 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చింది. అది 1000 మోడల్. కాస్త బరువు, చేతిలో గట్టిగా ఉంటుంది, కానీ ర్యామ్ 32 ఎంబీ. 2007లో వచ్చిన 2000 మోడల్ పల్చబడింది, ర్యామ్ 64 ఎంబీ అయింది, యూఎస్‌బీ కేబుల్‌తో చార్జ్ అయ్యే వీలు కూడా దాంతోనే వచ్చింది. 2008లో 3000 వచ్చింది, రంగులు ఇంకా బాగుంటాయి, మైక్ లోపలే ఉంటుంది. ఒక్కటే లోపం, బొమ్మ వేగంగా కదిలేటప్పుడు స్క్రీన్ మీద సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. కొందరికి అది అస్సలు పడదు, వాళ్లు 2000 తీసుకోవడమే మేలు. నాకైతే ఆట మొదలయ్యాక ఆ గీతలు గుర్తుకు కూడా రావు.

పీఎస్‌పీ గో, ఈ1000, ఈ రెండింటినీ తక్కువ బడ్జెట్ వాళ్లు వదిలేయండి. గో చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ డిస్క్ పెట్టే చోటే లేదు, కార్డు కూడా వేరే సైజు. ఈ1000లో వైఫై లేదు, ఒకటే స్పీకర్, బ్యాటరీ బయటికి తీసేలా ఉండదు. బ్యాటరీ మార్చడమే మన మొదటి పని కాబట్టి అది మనకి కుదరదు.

జపాన్ మోడల్ దొరికితే భయపడకండి. పీఎస్‌పీ గేమ్స్‌కి రీజియన్ లాక్ లేదు, అంటే ఏ దేశం గేమ్ అయినా నడుస్తుంది. మెనూలో ఓకేకి క్రాస్ బదులు సర్కిల్ నొక్కాల్సి వస్తుంది, దాన్ని కూడా కస్టమ్ ఫర్మ్‌వేర్‌లో, అంటే సోనీ కాకుండా బయటివాళ్లు మార్చి రాసిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌లో, మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు ఎల్, ఆర్ బటన్లు నొక్కి చూడండి. స్క్రీన్ మీద తెల్ల బొమ్మ పెట్టి చచ్చిపోయిన పిక్సెల్స్ ఉన్నాయేమో చూడండి. యూఎండీ డ్రైవ్, అంటే పీఎస్‌పీ డిస్కులు చదివే భాగం, పాడైతే ధర బాగా తగ్గించమని అడగండి, మనం ఆడేది ఎలాగూ కార్డు మీద నుంచే. అయితే మీ దగ్గర సొంత డిస్కులుంటే మాత్రం డ్రైవ్ బతికుండాలి. ఎందుకో కాసేపట్లో చూపిస్తా.

ఇప్పుడు బ్యాటరీ. ఇదిగో, పాతది బయటికి తీశాను. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. చదునైన బల్ల మీద పెట్టి వేలితో ఒక మూల తిప్పాను, గిరగిరా తిరిగింది. అంటే పొట్ట ఉబ్బిందన్నమాట. బాగున్న బ్యాటరీ బల్లకి అతుక్కున్నట్టు కదలకుండా ఉంటుంది. ఉబ్బిన దాన్ని మళ్లీ చార్జ్ పెట్టకండి, నొక్కి లోపలికి తొయ్యకండి, సూదితో పొడవడం లాంటివి అసలు చెయ్యొద్దు. చెత్తబుట్టలో కూడా వెయ్యకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.

కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీద అంకె చూసి మోసపోవద్దు. 2000, 3000 మోడళ్లకి సోనీ ఇచ్చిన అసలు బ్యాటరీ 1200 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె). 1000 మోడల్‌ది లావుగా ఉండేది కాబట్టి 1800. అదే పల్చటి సైజులో 3600 అని రాసి ఉంటే, ఆ అంకె నమ్మడానికి లేదు. ఎక్కువ రాసిన దానికంటే నిజాయితీగా 1200 అని రాసింది కొనండి. లోపల పెట్టాక సెట్టింగ్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, అందులో బ్యాటరీ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఎంత శాతం ఉంది, ఇంకెంతసేపు వస్తుంది అన్నది చూపిస్తుంది. ఒక గంట ఆడుతూ మధ్యమధ్యలో అది చూస్తూ ఉండండి. శాతం మెల్లగా దిగితే మంచిదే. 60 నుంచి ఉన్నట్టుండి 15కి పడిపోతే వెనక్కి పంపేయండి.

రెండోది కార్డు. పీఎస్‌పీకి కావలసింది మెమరీ స్టిక్ ప్రో డ్యుయో. ఇప్పుడు అవి పాతబడిపోయాయి, నకిలీలు కూడా ఎక్కువ. మైక్రోఎస్‌డీ కార్డు దూర్చే అడాప్టర్ ఒకటి తెచ్చుకోండి, ఈ మొత్తం మాడ్‌లో అన్నిటికంటే చవకైన వస్తువు అదే. ఒక కార్డు పట్టేవి, రెండు కార్డులు పట్టేవి ఉంటాయి. ఒకటి పట్టేదే కొనండి. రెండు పట్టే దాంట్లో డేటా రెండు కార్డుల మీదా పరుచుకుంటుంది, ఒక్క కార్డు పోయినా మొత్తం పోతుంది.

అడాప్టర్ మీద పొదుపు చేయండి గానీ కార్డు మీద వద్దు. తెలిసిన బ్రాండ్‌ది 32 జీబీ చాలు. ఒక యూఎండీ డిస్క్ నిండా నిండితేనే 1.8 జీబీ, చాలా ఆటలు అంత కూడా ఉండవు. ఆ లెక్కన ఎన్ని పడతాయో మీరే చూసుకోండి. కార్డు రాగానే ముందు కంప్యూటర్‌కి పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. అది కార్డు నిండా డేటా రాసి, మళ్లీ చదివి సరిచూస్తుంది. నకిలీ కార్డు పైకి 32 అని చెప్పి లోపల 8 ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. టైమ్ పడుతుంది, అయినా వదలొద్దు. సేవ్ ఫైల్ పోయిన బాధతో పోలిస్తే ఈ ఆలస్యం ఒక లెక్క కాదు. పరీక్ష అయ్యాక పీఎస్‌పీలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేయండి, కావలసిన ఫోల్డర్లు చాలావరకు అదే తయారుచేసుకుంటుంది.

ఇక సాఫ్ట్‌వేర్. ముందు సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో వెర్షన్ చూడండి. చివరి అధికారిక వెర్షన్ 6.61. మీది అంతకంటే పాతదైతే, చార్జర్ పెట్టి, కార్డులో పీఎస్‌పీ, గేమ్, అప్‌డేట్ అనే వరసలో ఫోల్డర్ పెట్టి, అందులో అప్‌డేట్ ఫైల్ వేసి నడపండి. అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోతే మెషీన్ మొత్తానికే పోవచ్చు, అందుకే బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ కూడా ఉండాలి.

ఆ తర్వాత కస్టమ్ ఫర్మ్‌వేర్. ప్రో అని ఒకటుంది, ఆర్క్-4 అని ఒకటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఆర్క్-4 చెప్తాను, ఇప్పటికీ దాని మీద పని జరుగుతోంది. ఫోల్డర్ కాపీ చేసి, గేమ్ మెనూలోకి వెళ్లి ఐకాన్ నొక్కడమే. సోల్డరింగ్ లేదు, చిప్ లేదు. తాత్కాలికంగా నడిపితే పూర్తిగా ఆఫ్ చేసినప్పుడు పోతుంది. పవర్ స్విచ్‌ని ఒకసారి పైకి నెట్టి వదిలితే మెషీన్ నిద్రపోతుందే గానీ ఆఫ్ కాదు కదా, అప్పుడు ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది. అందుకని శాశ్వతంగా ఎక్కించాలన్న తొందర అక్కర్లేదు. కొన్నాళ్లు ఇలా వాడి, అలవాటయ్యాక ఇన్ఫినిటీ లాంటి దాంతో శాశ్వతం చేసుకోండి.

నాకు ఈ మాడ్‌లో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదిగో ఇది. హోమ్ స్క్రీన్ మీద సెలెక్ట్ నొక్కితే చిన్న మెనూ వస్తుంది. అందులో యూఎస్‌బీ డివైస్ అన్న చోట యూఎండీ డిస్క్ అని పెట్టి, కంప్యూటర్‌కి కలిపాను. చూడండి, నా డిస్క్ మొత్తం ఒక్క ఐఎస్‌ఓ ఫైల్‌గా, అంటే డిస్క్‌కి అచ్చు నకలుగా, కనిపిస్తోంది. దాన్ని కాపీ చేసి, కార్డులో ఐఎస్‌ఓ అనే ఫోల్డర్‌లో వేస్తే అయిపోయింది. డ్రైవ్ బతికుండాలన్నది ఇందుకే. మీ డిస్కుని మీరే కాపీ చేసుకుంటున్నారు, ఎక్కడి నుంచో డౌన్‌లోడ్ చేసే పని లేదు. కార్డు మీద నుంచి ఆడితే లోడింగ్ త్వరగా అవుతుంది, డిస్క్ తిరిగే గరగర ఉండదు, మోటార్ తిరగదు కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

అదే మెనూలో ప్రాసెసర్ వేగం కూడా ఉంది. పీఎస్‌పీ చిప్‌కి 333 మెగాహెర్ట్జ్ సత్తా ఉన్నా, మొదట్లో సోనీ గేమ్స్‌ని 222 దాకానే వాడనిచ్చింది. 2007లో ఆ కట్టు తీసేసింది. అంతకుముందు వచ్చిన ఆటల్లో ఎక్కడైనా నత్తనడక నడిస్తే 333 పెట్టి చూడండి, చాలావాటిలో తేడా తెలుస్తుంది.

ఎమ్యులేటర్ల గురించి, అంటే వేరే మెషీన్ల ఆటల్ని దీంట్లో నడిపే ప్రోగ్రామ్‌ల గురించి, ఉన్నదున్నట్టు చెప్తాను. ప్లేస్టేషన్ 1 ఆటలు చాలా బాగా నడుస్తాయి, ఎందుకంటే సోనీయే రాసిన ఎమ్యులేటర్ లోపల ఉంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి జీపీఎస్‌పీ అనే ఎమ్యులేటర్ ఉంది, హాయిగా ఆడుకోవచ్చు. సూపర్ నింటెండోలో బరువైన ఆటలు తడబడతాయి. నింటెండో 64 మీద ఆశ పెట్టుకుని మాత్రం ఈ మెషీన్ కొనకండి.

అనలాగ్‌కి వద్దాం. మెషీన్ విప్పాల్సిన పని ఇదొక్కటే. కొత్త మాడ్యూల్ కొనేటప్పుడు మోడల్ నంబర్ చూసి కొనండి, 1000ది దీనికి సరిపోదు. ముందు బ్యాటరీ, కార్డు బయటికి తీయండి. ఒక తెల్ల కాగితం మీద మెషీన్ ఆకారం గీసి, తీసిన స్క్రూని తీసిన చోటే టేప్‌తో అంటించండి. బ్యాటరీ గూట్లో స్టిక్కర్ కింద కూడా వెతకండి. అన్నీ తీశాక ముందు పలక తేలిగ్గా లేస్తుంది. లేవకపోతే ఇంకా ఎక్కడో స్క్రూ ఉందని అర్థం, బలం ఉపయోగించకండి.

లోపల ఇక్కడ ఆగి చూడండి. ఈ పల్చటి రిబ్బన్ కేబుల్ వెళ్లే సాకెట్‌కి గోధుమ రంగులోనో నలుపులోనో సన్నటి రెక్క ఉంటుంది. ముందు ఆ రెక్కని ప్లాస్టిక్ పుల్లతో పైకి లేపాలి, తర్వాతే రిబ్బన్ లాగాలి. లేపకుండా లాగితే చినిగేది రిబ్బను, విరిగేది సాకెట్. పాత మాడ్యూల్ తీశాక, కొత్తది పెట్టేముందు బోర్డు మీద అది తగిలే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి. చూడండి, దూది ఎంత నల్లబడిందో. ఒక్కోసారి ఈ తుడవడంతోనే పాత అనలాగ్ దారికొస్తుంది, అందుకే కొత్తది బిగించేముందు పాతదాన్నే పెట్టి ఒకసారి పరీక్షించమంటాను.

షెల్ విషయం. బయట దొరికే షెల్స్ రంగులు బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ నేను చేత్తో పట్టుకుని చూసినవాటిలో ఎల్, ఆర్ బటన్లు వదులుగా ఉన్నాయి, డీప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) మెత్తగా దిగబడుతోంది, స్క్రూలు సగం దాకా వెళ్లి తిరుగుతున్నాయి. సోనీ చేసిన బటన్ల నొక్కు ఇన్నేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు, దాన్ని గీతల కోసం పారేయడం నాకు మనసొప్పదు. కొత్త స్క్రీన్ కిట్లు కూడా ఉన్నాయి, కానీ స్క్రీన్ బాగున్న మెషీన్‌కి అది దండగ ఖర్చు. వెనకాల గీతలకి మైక్రోఫైబర్ గుడ్డ, ముందు స్క్రీన్‌కి ఒక ప్రొటెక్టర్, అంతే.

మొత్తం ఖర్చు మెషీన్ కొన్న ధరలో సగం దాటలేదు. అందులో ఎక్కువ భాగం బ్యాటరీకి, కార్డుకి పోయింది. అలాగే పోవాలి కూడా.

కొన్ని నెలలు ఆడరనుకుంటే బ్యాటరీని సగం చార్జ్‌లో ఉంచి, బయటికి తీసి విడిగా పెట్టండి. మళ్లీ పెట్టినప్పుడు తేదీ, టైమ్ అడుగుతుంది, అది మామూలే. తాత్కాలిక ఫర్మ్‌వేర్ అయితే ఆ ఐకాన్ మళ్లీ ఒకసారి నొక్కుకోండి.